గురువమ్మకు చందమామ

గణేశ్వరరావు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా రైలు చూడలేదు. అండమాన్‌లో రైలు లేదు కాబట్టి అది ఆయన తప్పు కాదు. కాని తానుండే హాడో పేటలో తెలుగువాళ్ళెవరు రిటైరైనా, ఎవరు కాలం చేసినా "జీవితమనే ఈ రైలు ప్రయాణంలో" అని మొదలుపెట్టి పేజీ నిండా రాసేవాడు. అది మాత్రం ముమ్మాటికీ ఆయన తప్పే. వినేవాళ్ళలోనూ సగంమంది రైలు మొహం ఎరగరు. చూడనివాడు రాసింది చూడనివాళ్ళు విని, పైకండువాతో కళ్ళొత్తుకుని, భోజనాలకు లేచేవాళ్ళు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు సాహిత్యసేవ ఆ రోజుల్లో ఈ తీరున వర్ధిల్లుతుండేది.

మనిషి చెడ్డవాడేమీ కాదు. హార్బరు స్టోర్సులో గుమాస్తా. పగలంతా తాళ్ళూ, రంగు డబ్బాలూ, లంగరు గొలుసులూ చూసుకుని ఇంగ్లీషులో రాసుకునేవాడు. ఆ రాతలో తాడు తాడే, గొలుసు గొలుసే. సాయంత్రం చొక్కా మార్చుకుని తెలుగు సంఘం గదిలో అడుగుపెట్టగానే తాడు పూలదండ అయిపోయేది, గొలుసు అనురాగబంధం అయిపోయేది. పగటి రాతకు ప్రభుత్వం జీతమిచ్చేది. సాయంత్రం రాతకు సంఘం శాలువా కప్పేది. ఆ ఉక్కలో శాలువా దేనికని అడిగినవాడు లేడు.

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. ద్వీపంలో పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, హిందీ కలిపి గలగలా మాట్లాడతారు గాని, తెలుగు అచ్చు చూపిస్తే కూడబలుక్కుంటారు. వాళ్ళ అమ్మానాన్నలు భీమిలి, కళింగపట్నం ఒడ్ల నుంచి వలలు భుజాన వేసుకుని ఓడెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఏ అచ్చైనా ఒకటే. అలాంటిచోట ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా పెట్టి నాలుగు వాక్యాలు రాసేవాడు కవి కాక ఏమవుతాడు? అందరూ కవిగారన్నారు. గణేశ్వరరావు కాదనలేదు.

కవిగారి దగ్గర సరుకు మాత్రం బహు కొంచెం. ఒక చందమామ, ఒక తామరపువ్వు, ఒక హిమాలయం, ఒక గోదావరి, ఒక చిలక, రైలు సరేసరి. పెళ్ళికూతురైతే తామర. పెద్ద ఆఫీసరైతే హిమాలయం. ఆఫీసరు తల్లి పోతే చందమామ. ఒకసారి లాంచీ డ్రైవరొకడు రిటైరయ్యాడు. బక్కపలచటి మనిషి, బతుకంతా నీళ్ళమీద ఊగుతూ బతికినవాడు, నేలమీద కూడా కాస్త ఊగుతూనే నడిచేవాడు. అతన్ని పట్టుకుని "చలించని హిమాలయం" అని రాశాడు. అతను సభలో లేచి దణ్ణం పెట్టి, ఊగుతూ వెళ్ళి శాలువా తెచ్చుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వాలని ఎవరికీ తోచలేదు, అదీ అసలు దౌర్భాగ్యం.

సంఘానికి అధ్యక్షుడు బంగారురాజు. ఇసుక, కంకర కాంట్రాక్టులు చేసేవాడు. ముందు వరుసలో కూర్చుని, ప్రతి చందమామకూ తొడ చరిచేవాడు.

"అరే భయ్యా, క్యా లిఖా హై! సందమామ అంటే మన గణేశ్వర్రావు సందమామే. ఇంకోడు రాయమను సూద్దాం!"

ఇంకోడు రాయడానికి ఇంకోడికి తెలుగు రావాలి కదా. ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

ఇంట్లో మాత్రం ఈ కవిత్వం చెల్లలేదు. భార్య యర్రమ్మ చౌల్దారీలో పొలాల మధ్య పెరిగిన మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆమె పలుకులు చిలకపలుకులని ఒక కాగితం రాసి చదివి వినిపించాడు. ఆమె చేతిలో చేట కింద పెట్టి ఎగాదిగా చూసింది.

"సిలకలాగున్నాదేటి నా మాట? నువ్వెప్పుడన్నా సిలకల్ని ఇన్నావా? పొద్దుగాలే మా సేనుమీద వాలితే సెవులు సిల్లులు పడిపోతాయి. మా అయ్య డబ్బా కొట్టి తరిమీవోడు. ఆ గోల నాదంటావా?"

"అది పుస్తకంలో చిలక."

"అయితే ఆ పుస్తకాన్నే పెళ్ళి సేసుకోకపోయావా," అని చేట అందుకుంది.

తండ్రి నూకన్న ఇంకా నెమ్మదస్తుడు. కొడుకు కాగితం మీద ఏదో రాస్తున్నాడంటేనే ఆయనకు గౌరవం. అయినా చందమామ దగ్గర ఒకసారి నోరు జారాడు.

"పున్నమినాడు వల్లోకి ఏటి పడతాదిరా? ఎన్నెల్లో సేప వలని సూసీసి ఎలిపోద్ది. సందమామ మనకేటి మంచి సేసిందని అందరి మొకాలకీ అంటగడతావు?"

"అది సముద్రం చందమామ కాదయ్యా. కావ్యాల్లో చందమామ."

"ఓహో," అన్నాడు నూకన్న. చందమామలు రెండున్నాయని అప్పటిదాకా ఆయనకు తెలియదు.

ఈ జబ్బు గణేశ్వరరావుకు పుట్టుకతో వచ్చింది కాదు. బడిలో అంటుకుంది.

దేశానికి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు, చేపలు పట్టేవాళ్ళు కావాలని సర్కారు పిలిస్తే, నూకన్నా గురువమ్మా భీమిలి వైపునుంచి వచ్చి హాడో దిగువన ఒడ్డున పాక వేసుకున్నారు. కొత్త సముద్రం. నీటి కింద పగడపు రాళ్ళు ఎక్కడున్నాయో, ఏ పోటుకు ఏ దారి మూసుకుపోతుందో వచ్చిన కొత్తలో ఎవరికీ తెలియదు. పైగా అక్కడి వాన చెప్పి రాదు. ఎండ కాస్తుండగానే వచ్చిపడుతుంది, ఒడ్డు కనబడదు, కొండ కనబడదు, నావ ముందు కొమ్మే కనబడదు. అలాంటప్పుడు మగవాళ్ళు సముద్రం మీదుంటే ఆడవాళ్ళు ఒడ్డుకొచ్చి అరిచేవాళ్ళు. అందరిలోకీ గురువమ్మ గొంతు పెద్దది. రాయి మీద నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి, పొత్తికడుపులోంచి తీసేది.

"ఓ మావోయ్! ఇటూ... ఇటూ!"

వానలోంచి ఎక్కడో దూరంగా నూకన్న జవాబు వచ్చేది. "వస్తన్నానే! వస్తన్నాను, అరవకే!"

ఆయన వచ్చేది ఆ అరుపు పట్టుకునే. ఆయనొక్కడే కాదు, మిగతా నావలూ ఆ గొంతు పట్టుకునే రాళ్ళు తప్పించుకుని ఒడ్డు చేరేవి. నావ ఇసుకెక్కాక కూడా నూకన్న "ఎందుకే ఆ గోల, సెవుడేటి నాకు?" అని విసుక్కునేవాడు. ఆమె తల తుడుచుకుంటూ చేపల గంప అందుకునేది. వాళ్ళ కాపురంలో ముద్దుమాటలంటే ఇంతే.

గణేశ్వరరావు చదివిన బడికి రమణయ్య మేష్టారు తెలుగు చెప్పడానికి మెయిన్‌లాండ్ నుంచి వచ్చాడు. వచ్చాడనడం కంటే విసిరేయబడ్డానని ఆయనే అనుకునేవాడు. ఏ ఓడ కనిపించినా అది తన బదిలీ కాగితం తెచ్చిందేమోనని చూసేవాడు. రైలు, గోదావరి, తామరకొలను అన్నీ చూసి వచ్చిన మనిషి. అవేవీ చూడని పిల్లలంటే ఆయనకు చెప్పలేనంత చిన్నచూపు.

ఒకరోజు ఆయన ఉపమాలంకారం చెప్పాడు. దేన్ని పోలుస్తామో అది ఉపమేయం. దేనితో పోలుస్తామో అది ఉపమానం. వలె, లాగు అనేవి ఉపమావాచకాలు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమానధర్మం. "ఆమె ముఖము చంద్రబింబమువలె మనోహరముగా నున్నది" అని బోర్డు మీద రాసి, నాలుగింటికీ కింద గీతలు గీసి, ఇక మీరొకటి సొంతంగా రాయండన్నాడు.

పిల్లలు తెలివైనవాళ్ళు. "ఆమె" తీసేసి "మా అక్క" అని, "మా పిన్ని" అని పెట్టి, చంద్రబింబం అక్కడే ఉంచి పలకలు చూపించారు. మేష్టారు తల ఊపుతూ పోయాడు. గణేశ్వరరావు ఒక్కడే వెర్రివాడు. సొంతంగా అంటే సొంతంగా అనుకున్నాడు. "వానలో మా అమ్మ కేక ఓడ కూతలాగు ఉంటుంది" అని రాశాడు.

రమణయ్య దాన్ని పైకి చదివాడు. ఆగి, పిల్లాణ్ణి తేరిపార చూశాడు.

"తల్లి గొంతు ఓడ కూతా? మీ అమ్మకు పొగగొట్టం కూడా ఉందిట్రా?"

తరగతి అంతా విరగబడి నవ్వింది. చంద్రబింబాలు రాసినవాళ్ళు మరీ నవ్వారు.

"బెస్తబుద్ధి ఎక్కడికి పోతుంది! తల్లి పలుకు చిలకపలుకు. తేనెపలుకు. రాయి, చిలకపలుకు అని రాయి."

పిల్లాడు ఉమ్మితడి చేసి ఓడను చెరిపి, చిలకను రాశాడు.

అమ్మ కేక ఉపమేయం. ఓడ కూత ఉపమానం. లాగు వాచకం. కంటికి దారి కనిపించనప్పుడు మనిషి చెవితో దారి పట్టుకోవడం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి, ఎక్కడా లోటు లేదు. బోర్డు మీద నాలుగు గీతలు గీయడం వచ్చిన మేష్టారికి, చేతిలో ఉన్న పలక మీద ఆ నాలుగూ కనిపిస్తే పోల్చుకోవడం రాలేదు. సర్కారు జీతం తీసుకుని ఇంత గుడ్డితనం చెలాయించిన మనిషి మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. ఆయన బదిలీ కొన్నాళ్ళకు వచ్చింది, వెళ్ళిపోయాడు. చిలకను మాత్రం ఇక్కడే వదిలిపోయాడు.

ఆ నవ్వు పిల్లాడిలో ఇంకిపోయింది. ఇంకెప్పుడూ సొంతంగా రాయలేదు. ఎవరూ నవ్వని మాటలు ఏవేవో గమనించి, ఒక్కొక్కటే పోగు చేసుకున్నాడు. అవి పెద్ద పుస్తకాల్లో ఉన్నవి, మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవి, అందరూ ఒప్పుకున్నవి. వాటితోపాటు అమ్మ గొంతంటే సిగ్గు కూడా నేర్చుకున్నాడు. గుమాస్తా అయి హాడో క్వార్టర్స్‌లో కాపురం పెట్టాక, గురువమ్మ చేపల గంపతో ఆ వీధిలోకి వచ్చి "మచ్ఛీ! తాజా మచ్ఛీ!" అని కేక పెడితే, పక్కింటి బెంగాలీ బాబు కాఫీ గ్లాసు వణికేది.

"అమ్మా, కొంచెం నెమ్మదిగా అరవకూడదా?"

"నెమ్మదిగా అరిసీదేట్రా? అరుపంటే అరుపే గదా," అంది గురువమ్మ. కొడుకు మొహం చూసింది. మర్నాటినుంచి ఆ వీధికి రావడం మానేసి, గంప ఎత్తుకుని చుట్టూ తిరిగి పోయేది. గణేశ్వరరావు ఆ వారమే ఒక ఆఫీసరు భార్యకు "కోకిలకంఠి" అని రాసిచ్చాడు.

అరువు సొమ్ములు బరువుల చేటంటారు. గణేశ్వరరావుకు ఆ బరువు తెలియలేదు సరికదా, ఇంకొకరి మెడలో వేయడానికి కూడా తయారయ్యాడు. ఆదివారాలు సంఘం గదిలో పిల్లలకు తెలుగు చెప్పేవాడు. అమ్మడు అనే పిల్ల ఒకసారి "మా తాత నవ్వితే నోరు చిరిగిన వలలాగుంటాది" అని రాసుకొచ్చింది. ఆ తాతను గణేశ్వరరావు ఎరుగును. పళ్ళన్నీ ఊడి, అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన నోరు. ఒక్కక్షణం ఆ నోరు కళ్ళకు కట్టి నవ్వు తన్నుకొచ్చింది కూడా. నవ్వు మింగేసి, వలను కొట్టేసి, "ముత్యాల నవ్వు" అని రాయించాడు. ఆ పిల్ల మరో రెండు ఆదివారాలు వచ్చి మానేసింది. మానేయడమే దాని అదృష్టం.

ఇలా ఆయన నడివయసు దాటేదాకా గడిచింది. ఒక వానాకాలం గురువమ్మకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో పెట్టారు, తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చింది. చివరికి గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. నూకన్న మంచం పక్కనే కూర్చుని, చెవి ఆమె నోటిదాకా వంచి, "ఏటి? ఏటంటన్నావే? గట్టిగా సెప్పు," అని అడుగుతూ ఉండేవాడు. బతుకంతా అరవకే అరవకే అని విసుక్కున్న మనిషి, గట్టిగా చెప్పవే అని బతిమాలడం చూడలేక యర్రమ్మ బయటికి వెళ్ళి ఏడ్చింది. ఏం చెప్పాలనుకుందో ఎవరికీ తెలియకుండానే గురువమ్మ కాలం చేసింది.

పెద్దకర్మనాడు పోయినవాళ్ళ మీద ఒక స్మృతిపత్రం చదవడం సంఘం పెట్టిన ఆచారం. అంతమందికి రాసిన కవిగారు సొంత తల్లికి ఏం రాస్తారోనని అందరూ ఎదురుచూశారు. ఆయన మొదట పెద్దగా ఆలోచించలేదు. చెయ్యి అలవాటుపడి ఉంది. "జీవితమనే రైలు ప్రయాణంలో" అని రాసేసింది. తర్వాత "చంద్రబింబంవంటి" అని రాయబోయి ఆగాడు. అమ్మ ముఖం కళ్ళముందుకొచ్చింది. ఎండకు, ఉప్పుగాలికి నల్లగా కమిలి, నుదుట గంప చుట్టకుదురు రాసుకున్న గుర్తుతో ఉండే ముఖం. దానిలో చంద్రబింబం ఎక్కడుంది? పోనీ పలుకు చూద్దామంటే చిలక. గుణం చూద్దామంటే హిమాలయం. ఏది పెట్టినా అది ఆమె కాదు. ఎవరో ఆఫీసరు తల్లి. ఇన్నేళ్ళు తాను ఎవరెవరికి ఏమేం రాశాడో అప్పుడు లెక్కకొచ్చింది. ఎవరినీ చూసి రాయలేదు. ఒక్కరినీ చూడలేదు. తన మీద తనకే రోత పుట్టింది. పుట్టాల్సిందే; కొంచెం ఆలస్యంగా పుట్టింది, అంతే.

ఆ కాగితం చింపేసి కొత్తది తీసుకున్నాడు. పలక మీద ఉమ్మితో చెరిపిన వాక్యం అన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో, అక్షరం పొల్లు పోకుండా తిరిగొచ్చింది. దానితో మొదలుపెట్టాడు. వానలో అమ్మ కేక ఓడ కూత. అది విని మా అయ్య దారి తెలుసుకుని ఇల్లు చేరేవాడు, ఆయన వెనక పదినావలు చేరేవి. రాయి మీద నిలబడి ఆమె ఎలా చెయ్యి అడ్డం పెట్టుకునేదో, మా వీధిలో అరవద్దన్నది ఎవరో, అదీ రాశాడు. చందమామ ఎక్కడా రాలేదు. అరపేజీకే అయిపోయింది. ఆయన జన్మలో రాసింది అదొక్కటే, మిగతాదంతా ఎత్తి రాసిన సరుకు. ఈ ఒక్కసారికి అమ్మను అమ్మగా నలుగురిలో చెప్పాలి, అయ్య వినాలి. ఆయనకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

పెద్దకర్మనాడు ఉదయం బంగారురాజు ముందుగా వచ్చి, ఆచారం ప్రకారం కాగితం తీసుకుని చూసుకున్నాడు. చదువుతున్నకొద్దీ మొహం ముడుచుకుపోయింది. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"యే క్యా హై భయ్యా? ఇంతేనా? రైలేదీ?"

"రైలు లేదు."

"సందమామ?"

"లేదు."

"మా అమ్మ పోయినప్పుడు సందమామ రాసావు, తామర రాసావు, రెండు పేజీలు రాసావు. డిప్టీ సాబ్ అమ్మకి గోదారి ఇచ్చావు. సొంత తల్లికి ఓడ హారన్ ఇస్తావా? సభలో నలుగురూ నవ్వరా?"

నలుగురూ నవ్వరా! ఆ మాటతో గణేశ్వరరావు, ఇంత పెద్దమనిషి, జుట్టు నెరిసినవాడు, మళ్ళీ పలక పట్టుకుని తరగతిలో నిలబడ్డాడు. అయినా ఈసారి తలెత్తి, "నవ్వనీ. ఇదే చదువుతాను," అన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బంగారురాజు ఆగలేదు. నేరుగా వెళ్ళి అరుగుమీద కూర్చున్న నూకన్నతో మొరపెట్టుకున్నాడు.

"సూడు మావా, నీ కొడుకు గురువమ్మత్తకి సందమామ రాయనంటన్నాడు."

నూకన్న తల ఎత్తాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. కొడుకును దగ్గరికి రమ్మన్నాడు.

"నిజమేట్రా? సందమామ లేదా?"

"అది కాదయ్యా. నేను ఇంకోటి రాశాను, చదువుతాను విను..."

"నాకేటి తెలుసురా సదువులు," అన్నాడు నూకన్న. "అందరి అమ్మలకీ రాసావు గదా. ఆఫీసర్ల అమ్మలకి రాసావు, కంట్రాక్టర్ల అమ్మలకి రాసావు. అందరూ ఏడుస్తా ఇన్నారు. మా దానికి లేదేటి? సేపలమ్మిందని తక్కువయిందేట్రా? దానికీ సందమామ రాయిరా, బాబూ. బతికుండగా నానేటీ పెట్టలేదు."

పున్నమినాడు వల ఖాళీగా వస్తుందని తిట్టుకున్న మనిషి చందమామ కోసం చేతులు పట్టుకున్నాడు. ఆయనకు కావలసింది చందమామ కాదు. పెద్దవాళ్ళ పక్కన తన భార్యకూ ఒక పీట. ఆ పీట చందమామేనని ఊరందరికీ నేర్పినవాడు గణేశ్వరరావే. పాతికేళ్ళుగా తానే చాటింపు వేసి, ఇప్పుడు అది దొంగ నాణెమని ముసలివాడికి ఏ నోటితో చెప్పగలడు? చెప్పలేకపోయాడు. కనీసం రాసినదాన్ని అక్కడే చదివి వినిపించాడా అంటే అదీ లేదు. నవ్వుతారేమోనన్న పాత భయం, అయ్య మనసు కష్టపెడతానేమోనన్న కొత్త భయం రెండూ కలిశాయి. అరపేజీ మడిచి జేబులో పెట్టుకుని, లోపలికి పోయి రెండు పేజీలు గీకేశాడు. చూసి రాయాల్సిన పని కూడా లేకపోయింది.

సభ జరిగింది. జీవితమనే రైలు ప్రయాణంలో గురువమ్మ తన స్టేషనులో దిగిపోయింది. ఆమె ముఖం చంద్రబింబమైంది, కన్నులు తామరలైనాయి, పలుకులు చిలకపలుకులైనాయి. చిలక దగ్గర యర్రమ్మ లేచి వంట దగ్గరికి వెళ్ళిపోయింది. మిగతా అందరూ కళ్ళొత్తుకున్నారు. బంగారురాజు తొడ చరచబోయి, చావుసభ అని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గురువమ్మ గొంతు పట్టుకుని రాళ్ళు తప్పించుకొచ్చిన ముసలివాళ్ళు ముగ్గురు నలుగురు అక్కడే ఉన్నారు. వాళ్ళూ చందమామకే ఏడ్చారు. నూకన్న అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. "బాగా రాసావురా," అని కొడుకు వీపు నిమిరాడు. కవిగారికి అంతకుముందెన్నడూ రానంత పేరొచ్చింది.

సాయంత్రానికి భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. సన్నగా మొదలైన వాన పెద్దదై, ఎదురుగా సముద్రం కనబడకుండా పోయింది. నూకన్న అరుగుమీద స్తంభానికి జారబడి కునుకు తీస్తున్నాడు. గణేశ్వరరావు పక్కనే కూర్చుని ఉన్నాడు. హాడో జెట్టీలో మెయిన్‌లాండ్ ఓడ బయల్దేరుతూ కూత పెట్టింది. పొత్తికడుపులోంచి తీసినట్టు, వానను తోసుకుంటూ ఒడ్డుపొడుగునా వచ్చింది.

నూకన్న కళ్ళు పూర్తిగా తెరవకుండానే లేచి నిలబడ్డాడు.

"వస్తన్నానే! వస్తన్నాను, అరవకే!"

వానలోకి రెండడుగులు వేశాడు. అక్కడ ఆగిపోయాడు. తల మీద నీళ్ళు కారుతుంటే మెల్లగా వెనక్కి తిరిగాడు. కొడుకు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని అరుగెక్కించాడు.

"ఓడరా," అన్నాడు నూకన్న.

"ఓడే అయ్యా."

"అచ్చం దాని కేకే. ఇన్నేళ్ళూ నాకు తోచనే లేదు సూడు. వాన్లో అది అలాగే గదా అరిసీది. అది ఇనబడితే సాలు, ఇల్లు దొరికిపోయినట్టే." ముసలాయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని కొడుకు వైపు తిరిగాడు. పొద్దున్న చందమామ చదివినప్పుడు కారినంత కన్నీరు ఆ కళ్ళలో లేదు. "నీకింత సదువుంది. ఇదెందుకు రాయలేదురా?"

జేబులో అరపేజీ ఉంది. గణేశ్వరరావు చెయ్యి దానిదాకా వెళ్ళింది, తీయలేకపోయింది.

"నాకు రాయడం రాలేదయ్యా," అన్నాడు.

"పోన్లే," అన్నాడు నూకన్న. "సందమామ బాగుంది."